మెట్లెక్కి రాలేని వాళ్లకూ బొమ్మల ప్రదర్శన: ఫోన్‌లో తెరుచుకునే గ్యాలరీ కట్టడం ఎలా

అనంతపురంలో మేం పెట్టిన ఒక బొమ్మల ప్రదర్శన మొదటి అంతస్తులో జరిగింది. హాలు ఉచితంగా దొరికింది, వెలుతురు బాగుంది. అంతకుమించి ఏమీ ఆలోచించలేదు. రెండో రోజు మధ్యాహ్నం మూడు చక్రాల బండి మీద ఒకాయన వచ్చి మెట్ల దగ్గర ఆగిపోయాడు. నలుగురం పట్టుకొని పైకి తీసుకెళ్తామన్నాం. "వద్దు సార్, మోయించుకొని చూసేదేముంది. ఫోన్‌లో తీసి చూపీండి, చాలు" అన్నాడు. పైకి వెళ్లి గబగబా ఫొటోలు తీసుకొచ్చి చూపించాను. ఆయన ప్రతి బొమ్మ దగ్గరా మూడే అడిగాడు. ఇది ఎంత పెద్దది? దేని మీద ఏసినారు? ఎవరేసినారు? నా ఫొటోల్లో ఆ మూడూ లేవు.

ఆ మూడు ప్రశ్నలకూ సమాధానం చెప్పలేని వర్చువల్ గ్యాలరీ వట్టి ఫొటోల కుప్ప. ఆ రోజు నుంచి మేం నేర్చుకున్నది, చేసి చెడగొట్టి మళ్లీ చేసినది ఇక్కడ వరసగా చెప్తున్నాను. పెద్ద సంస్థ అక్కర్లేదు. ఒక మంచి ఫోన్, ఒక కంప్యూటర్, ఓపిక ఉన్న ముగ్గురు మనుషులుంటే మొదలుపెట్టొచ్చు.

1. రాలేకపోయిన వాళ్ల జాబితా రాయండి

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలన్నది తర్వాత సంగతి. ముందు ఒక కాగితం తీసుకొని, మీ గత ప్రదర్శనకు ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో రాయండి. మెట్లు ఎక్కలేని వాళ్లు, చూపు లేని వాళ్లు, వినపడని వాళ్లు అందరికీ గుర్తొస్తారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వైకల్యం ఉన్నవాళ్లు 2.68 కోట్ల మంది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కళలు వాళ్లకు అందేలా చేయాలని అదే చట్టం 29వ సెక్షన్ చెప్తోంది. అంటే ఇది మనం దయతలచి చేసే పని కాదు.

కానీ జాబితా అక్కడితో ఆగదు. రాయదుర్గం నుంచో మడకశిర నుంచో రావాలంటే బస్సు చార్జీ, ఒక రోజు కూలి పోతాయి. పసిబిడ్డ ఉన్న తల్లి సాయంత్రం ఆరింటికి హాలుకు రాలేదు. జనం, రొద ఎక్కువైతే తట్టుకోలేని ఆటిజం పిల్లలున్నారు. మోకాళ్ల నొప్పులతో గంటసేపు నిలబడలేని పెద్దవాళ్లున్నారు. "అలాంటి చోటికి మనమెందుకులే" అని గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయేవాళ్లూ ఉన్నారు. వీళ్లలో ఒక ముగ్గురిని ఎంచుకోండి. వాళ్లతో కూర్చుని మాట్లాడండి. గ్యాలరీ కట్టేటప్పుడు ప్రతి నిర్ణయం దగ్గరా ఆ ముగ్గురి ముఖాలు గుర్తు చేసుకుంటే చాలా గొడవలు తప్పుతాయి.

2. తక్కువ బొమ్మలు పెట్టండి

హాల్లో అరవై బొమ్మలు వేలాడదీసినా ఫోన్‌లో పన్నెండు నుంచి పదిహేను చాలు. ఒక్కో బొమ్మకు మంచి ఫొటో, వర్ణన, ఆ వర్ణన చదివిన ఆడియో, సైగల భాషలో వీడియో తయారు చేయాలి కదా. అరవైకీ అరకొరగా చేసేకన్నా పన్నెండింటికి పూర్తిగా చేయడం మేలు.

మన వైపు కళల్లో నేరుగా చూడటం కష్టమైనవి చాలా ఉన్నాయి. వాటికి ఈ పద్ధతి మరీ పనికొస్తుంది. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు బొమ్మలు చూడాలంటే మెడ విరగదీసుకోవాలి, మెడనొప్పి ఉన్నవాళ్ల వల్ల కాదు. కడప జిల్లా చింతకుంట, కర్నూలు జిల్లా కేతవరం దగ్గర ఆదిమానవులు రాళ్ల మీద వేసిన బొమ్మల దగ్గరికి రాళ్లూ ముళ్లూ దాటుకొని పోవాలి. లేపాక్షి లాంటి రక్షిత కట్టడాల్లో కెమెరా స్టాండు పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. అది రాతపూర్వకంగా ఉండాలి.

మేం మాత్రం నిమ్మలకుంట తోలుబొమ్మలతో మొదలుపెట్టాం. ధర్మవరం పక్కనున్న ఆ ఊరు 2022లో జిల్లాలు విడిపోయాక శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గానీ, మా మాటల్లో ఇంకా అనంతపురమే. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. పేరు అందరూ విన్నదే అయినా, ఆ బొమ్మ వెనక దీపం వెలిగినప్పుడు ఎలా ఉంటుందో చూసినవాళ్లు తక్కువ.

3. ఫొటో తీయడం

వరండాలో, నేరుగా ఎండ పడని చోట, ఉదయం తొమ్మిది పది మధ్య తీయండి. ఫ్లాష్ వద్దు. ఫోన్‌లో మామూలు లెన్సే వాడండి. వైడ్ లెన్సుతో తీస్తే బొమ్మ అంచులు వంగిపోతాయి. ఫోనూ బొమ్మా సమాంతరంగా ఉండాలి. పటానికి అద్దం ఉంటే విప్పేయండి. విప్పలేకపోతే మీ వెనక నల్లటి దుప్పటి పట్టుకొని ఒకరిని నిలబెట్టండి, అద్దంలో మీ నీడ పడదు. బొమ్మ పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి మొదటి ఫొటో తీసుకుంటే, తర్వాత రంగులు సరిచేసుకోవడానికి ఆధారం ఉంటుంది.

ప్రతి బొమ్మకూ ఇంకో ఫొటో తప్పనిసరి: పక్కన ఒక మనిషో కుర్చీనో ఉన్నది. "ఎంత పెద్దది" అన్న ప్రశ్నకు అడుగులూ అంగుళాలూ ఇచ్చే జవాబు వేరు, కుర్చీ పక్కన నిలబెట్టిన బొమ్మ ఇచ్చే జవాబు వేరు.

తోలుబొమ్మకైతే ముందు నుంచి వెలుతురు వేసి ఒక ఫొటో, తెల్ల పంచె తెరగా కట్టి వెనక బల్బు పెట్టి ఇంకొకటి. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, వెలుగు దూరేంత పలచగా చేసేదే ఈ రెండో చూపు కోసం. ఒక్క ఫొటోతో సరిపెడితే బొమ్మలో సగమే చూపించినట్లు.

4. మాటల్లో బొమ్మ గీయడం

ఈ పనికే ఎక్కువ రోజులు ఇవ్వండి. చూపు లేనివాళ్లు ఫోన్‌ను స్క్రీన్ రీడర్‌తో వాడతారు. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్, కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ. ఇవి పేజీలో ఉన్న మాటల్ని చదివి వినిపిస్తాయి. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి, మనం దాని వెనక రాసిపెట్టిన ఆల్ట్ టెక్స్ట్‌ను చదువుతాయి. ఏమీ రాయకపోతే చాలాసార్లు "ఇమేజ్" అనో, ఫైలు పేరులోని అంకెలనో చదివి ఊరుకుంటాయి.

మా మొదటి ప్రయత్నంలో "హనుమంతుడి అందమైన తోలుబొమ్మ" అని రాశాం. చూపు లేని ఒక మిత్రుడు విని, "అందమో కాదో నేను చెప్తా సార్. ముందు బొమ్మ యాడుందో చెప్పండి" అన్నాడు. ఆ మాట మాకు బాగా తగిలింది. కూర్చుని మళ్లీ రాశాం:

"మనిషి భుజం దాకా వచ్చే నిలువు బొమ్మ. మేకతోలు మీద రంగులు. హనుమంతుడు మనకు కుడివైపుకు తిరిగి నడుస్తున్నాడు. ఒళ్లు పచ్చి మామిడికాయ రంగు. పక్కకు తిరిగాడు కాబట్టి ఒక కన్నే కనిపిస్తుంది, అది చెంపలో సగం ఉంది. గదను భుజానికి ఆనించాడు. తోక వెనక నుంచి లేచి, తల మీదుగా ముందుకు వంగి, కొసన చుట్ట చుట్టుకుంది. భుజం, మోచేయి దగ్గర తోలు ముక్కల్ని దారంతో కట్టారు, అక్కడ చేయి కదులుతుంది. కిరీటం, దండలు, పంచె అంచు నిండా ఉలితో కొట్టిన సన్నని బెజ్జాలు. వెనక దీపం పెడితే ఆ బెజ్జాల్లోంచి వెలుగు చుక్కలు చుక్కలుగా వస్తుంది."

ఈసారి ఆయన గాలిలో చేత్తో తోక వంపు గీసి, "ఇట్లేనా?" అని అడిగాడు. అలాగే ఉంది.

రాసేటప్పుడు మేం పాటించే వరస ఇది. మొదట పరిమాణం, దేని మీద వేశారు. తర్వాత బొమ్మలో ఎవరు, ఏం చేస్తున్నారు. ఏది ఎటువైపు ఉంది. ఆ తర్వాతే రంగులు, చివర చిన్న వివరాలు. కుడి ఎడమలు చూసేవాడి వైపు నుంచే చెప్పాలి, మధ్యలో మార్చకూడదు. పరిమాణానికి అందరి చేతికీ తగిలిన వస్తువులు వాడండి: అరచేయంత, చాటంత, తలుపంత. పుట్టు అంధులకు రంగుల పేర్లు చెప్పడం ఎందుకని కొందరు అనుకుంటారు. అది తప్పు. పసుపు ఏ రంగులో ఉంటుందో, కుంకుమ ఏ రంగో వాళ్లకూ తెలుసు, రంగుల చుట్టూ ఉన్న జీవితం వాళ్లదీ. "పసుపు కొమ్ము రంగు", "తడి ఎర్రమట్టి రంగు" అని చెప్తే ఇంకా బాగా అందుతుంది.

"కోపంగా ఉన్నాడు" అని తేల్చేసేకన్నా "కనుబొమలు ముడిపడ్డాయి, పళ్లు బయటికి కనిపిస్తున్నాయి" అని చెప్పండి, కోపమో కాదో వినేవాళ్లు తేల్చుకుంటారు. ఆధునిక చిత్రాల దగ్గర ఇది మరీ ముఖ్యం. అర్థం చెప్పే తొందరలో ఆకారాలు మర్చిపోతాం. అర్థం కావాలంటే చిత్రకారుడినే అడిగి, ఆయన మాటల్లోనే విడిగా రాయండి.

ప్రతి బొమ్మకూ రెండు వర్ణనలుండాలి. ఆల్ట్ టెక్స్ట్‌లో ఒకటి రెండు వాక్యాలు. దాని కింద పేజీలోనే అందరికీ కనిపించేలా పెద్ద వర్ణన. పెద్ద వర్ణన చూపున్న వాళ్లకూ ఉపయోగమే. తోలులో ఆ బెజ్జాలు చాలామంది గమనించరు, చదివాకే మళ్లీ వెనక్కి వెళ్లి చూస్తారు.

5. గొంతు, సైగలు

వర్ణనను మనిషి గొంతుతో రికార్డు చేయండి. చదవడం రాని అవ్వలకూ అది అందుతుంది. మా వైపు యాసలో మాట్లాడేవాళ్లే చదివితే బాగుంటుంది, వార్తలు చదివినట్టు అక్కర్లేదు. బీరువాలో బట్టల మధ్య ఫోన్ పెట్టి రికార్డు చేస్తే గది మోత రాదు. ఫైలును మోనోలో, 64 కేబీపీఎస్‌లో దాచండి. అప్పుడు నిమిషానికి అర ఎంబీ లోపే ఉంటుంది. తోలుబొమ్మలకు మద్దెల, తాళాల చప్పుడు అరనిమిషం కలిపాం. తోలుబొమ్మలాటలో నవ్వించే పాత్రలైన కేతిగాడూ బంగారక్కా మాట్లాడుకునే ముక్క ఒకటి కళాకారుల చేతనే చెప్పించాం. జనం ఎక్కువసార్లు విన్నది అదే.

వినపడని వాళ్లకు కింద అక్షరాలు వేస్తే సరిపోతుందని నేను చాలా రోజులు అనుకున్నాను. పుట్టుకతో వినపడని చాలామందికి సైగల భాషే మొదటి భాష, తెలుగు చదవడం రెండో భాషలో చదివినట్టు. అందుకే రెండూ కావాలి. భారతీయ సైగల భాష తెలిసిన మనిషితో, వీలైతే స్వయంగా వినపడని మనిషితోనే, ఒక్కో బొమ్మకు ఒక నిమిషం వీడియో తీయించండి. వెనక గోడ సాదాగా ఉండాలి, వేసుకున్న చొక్కా రంగు చేతుల రంగుకు భిన్నంగా ఉండాలి. ఆ మనిషిని తపాలా బిళ్లంత చేసి మూలన పెట్టొద్దు. వేళ్లు, ముఖం స్పష్టంగా కనిపించకపోతే ఆ భాష సగం పోతుంది. "కిన్నెర", "గద" లాంటి మాటలకు సైగ ఏమిటో ముందే కూర్చుని అనుకోండి, చిత్రీకరణ రోజు టెన్షన్ ఉండదు. పనికి తగిన డబ్బు ఇవ్వండి.

6. పేజీ కట్టడం

వర్చువల్ గ్యాలరీ అనగానే త్రీడీ గది, గోడల మీద బొమ్మలు, మధ్యలో మనం నడిచిపోవడం గుర్తొస్తుంది. ఆర్ట్‌స్టెప్స్ లాంటి సైట్లలో అలాంటివి కట్టుకోవచ్చు. చూడటానికి ముచ్చటగా ఉంటాయి. కానీ పాత ఫోన్‌లో తెరుచుకోవు, డేటా తినేస్తాయి, కొందరికి తల తిరుగుతుంది, స్క్రీన్ రీడర్‌కు చాలా వాటిలో ఏమీ అందదు. పైగా అవి ఎన్నాళ్లుంటాయో చెప్పలేం. ఇలాంటివే అయిన గూగుల్ టూర్ క్రియేటర్ 2021లో మూతపడింది. మొజిల్లా హబ్స్ 2024 మేలో ఆగిపోయింది.

అందుకే నా అభిప్రాయం ఖచ్చితం: ముందు సాదా పేజీ కట్టండి. గూగుల్ సైట్స్‌లో ఉచితంగా కట్టొచ్చు. త్రీడీ గది కావాలంటే తర్వాత పక్కన పెట్టుకోండి, అదే తలుపు కాకూడదు. అసలు ఫైళ్లన్నీ ఒక హార్డ్ డిస్కులో, ఇంకో చోట ఒక కాపీ ఉండాలి.

పేజీలో ప్రతి బొమ్మ పేరునూ మామూలు అక్షరాలను లావు చేసి పెట్టొద్దు, హెడింగ్‌గానే సెట్ చేయండి. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు హెడింగ్ నుంచి హెడింగ్‌కు దూకుతూ పోతారు, మనం గోడ వెంట నడిచినట్టే. పేజీ భాష తెలుగు అని సెట్టింగ్‌లో పెట్టండి.

ఇక మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. కేటలాగు డీటీపీ సెంటర్‌లో "అను" అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో కొట్టిస్తాం. అచ్చుకు అది బాగుంటుంది. అదే మాటల్ని పేజీలో అతికిస్తే పిచ్చి గీతలొస్తాయి. అది చూసి చాలామంది కేటలాగును ఫొటో తీసి పెట్టేస్తారు. ఆ ఫొటోలో ఉన్న అక్షరాలను స్క్రీన్ రీడర్ సరిగా చదవలేదు, పెద్దది చేస్తే మసకబారుతుంది. ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్పించి, అక్షరం అక్షరం సరిచూసి పెట్టండి. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి ఫాంట్లు ఉచితం. ఒత్తులు పక్క వరసను తగలకుండా వరసల మధ్య చోటు ఇంగ్లీషుకు ఇచ్చేదానికన్నా ఎక్కువ ఇవ్వండి.

అక్షరానికీ వెనక రంగుకూ తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలని డబ్ల్యూసీఏజీ అనే అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలు చెప్తాయి. లేత పసుపు మీద తెల్ల అక్షరాలు పెళ్లి పత్రికకు చెల్లుతాయేమో, గ్యాలరీకి చెల్లవు. ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియని మగవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి "ఎర్ర బటన్ నొక్కండి" అని రాయొద్దు, బటన్ మీద పేరు రాయండి. పాటలు, వీడియోలు వాటంతట అవే మోగకూడదు.

డేటా సంగతి మర్చిపోవద్దు. మొదట కనిపించే ఫొటో 200 కేబీ లోపు ఉంచండి. పెద్దది కావాలంటే నొక్కి తెరుచుకుంటారు, పక్కనే ఎన్ని ఎంబీలో రాయండి. కొండ పక్క ఊళ్లో ఒక గీత సిగ్నల్ మీద తెరిచి చూశాకే పేజీ సిద్ధమైందని అనుకోవాలి.

7. కళాకారుడితో కాగితం

బొమ్మ కొన్నా సరే, రాసివ్వనంత వరకూ దాని కాపీరైట్ కళాకారుడిదే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అది ఆయన జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు ఉంటుంది. కాబట్టి తెలుగులో ఒక పేజీ ఒప్పందం రాయండి. ఏ ఫొటోలు, ఎంత సైజులో, ఎన్నాళ్లు, అమ్మకం జరిగితే ఎవరికెంత. చదవడం రాకపోతే పైకి చదివి వినిపించి, ఇంట్లో వాళ్లతో మాట్లాడుకోవడానికి రెండు రోజులు టైం ఇవ్వండి. తోలు పని చేసేవాళ్లకు నిజమైన భయం ఒకటుంది: నమూనాను ఎవరో దించుకొని ప్లాస్టిక్ షీటు మీద అచ్చు కొట్టి అమ్ముతారని. అచ్చుకు పనికొచ్చేంత పెద్ద ఫైళ్లు పేజీలో పెట్టకండి. కళాకారుడి పేరు, ఊరి పేరు ప్రతి బొమ్మ కిందా ఉండాలి.

8. పరీక్ష

మొదటి జాబితాలోని ముగ్గురినీ, ఇంకో ఇద్దరినీ పిలవండి. వాళ్ల సొంత ఫోన్లలోనే తెరవమనండి. "నాలుగో బొమ్మ వేసిందెవరో కనుక్కోండి" అని ఒక పని చెప్పి, నోరు మూసుకొని కూర్చోండి. "అక్కడ నొక్కన్నా" అని చెప్పాలనిపిస్తుంది, చెప్పొద్దు. ఎక్కడ ఆగారో అక్కడే మన తప్పుంది. మా పేజీలో ఆడియో బటన్లన్నిటికీ "ప్లే" అనే పేరుంది. చూపు లేని ఆయనకు వరసగా పన్నెండు ప్లేలు వినిపించాయి, ఏది ఏ బొమ్మదో తెలియలేదు. ఒక్కో బటన్‌కూ బొమ్మ పేరు కలిపాం. వాళ్ల సమయానికీ డబ్బు ఇవ్వాలి.

మీరు కూడా ఒకసారి ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి టాక్‌బ్యాక్ పెట్టుకొని, కళ్లు మూసుకొని మీ గ్యాలరీ తిరగండి. కుడికి జరిపితే తర్వాతది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. ఇది మీకు తప్పులు పట్టుకోవడానికే. వాళ్లు చేసే పరీక్షకు బదులు కాదు.

9. తెరిచే రోజు

లింకు వాట్సాప్‌లో పంపితే పని అయిపోదు. చెనక్కాయలు పీకే రోజుల్లో ప్రారంభం పెట్టొద్దు, ఎవరికీ తీరిక ఉండదు. రాత్రి ఏడున్నర తర్వాత పెట్టి, ఒక గంట గ్రూప్ కాల్‌లో కళాకారుడే నాలుగు బొమ్మలు చూపిస్తే బాగా వస్తారు. స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్ల కోసం గ్రంథాలయంలోనో బడిలోనో ఒక పెద్ద తెర మీద చూపించండి. ఆడియోలు విడిగా వాట్సాప్‌లోనూ పంపండి, పేజీ తెరవడం రానివాళ్లు అవి వింటారు.

మేం చేసిన వాటిలో నాకు బాగా నచ్చినది ఒక చిన్న పార్శిల్. బొమ్మలు కోసేటప్పుడు మిగిలిన మేకతోలులోంచి అరచేయంత ముక్కలు తీసుకొని, సగంలో ఉలితో బెజ్జాలు కొట్టించి, సగం సాదాగా ఉంచి, చూపు లేని పిల్లలకు పంపాం. ఫోన్‌లో వర్ణన వింటూ వేళ్లతో తడుముకున్నారు. "కిరీటం నిండా ఇట్లే ఉంటుందా మేడం?" అని ఒక పాప అడిగిందని వాళ్ల టీచర్ చెప్పింది.

హాల్లో ప్రదర్శన కూడా జరుగుతుంటే, ప్రతి బొమ్మ పక్కనా క్యూఆర్ కోడ్ పెట్టండి. కుర్చీలో కూర్చున్న మనిషి చేతికి అందే ఎత్తులో, చుట్టూ వేలికి తగిలే అంచుతో ఉండాలి, అప్పుడు చూపు లేనివాళ్లూ అదెక్కడుందో పట్టుకోగలరు. ప్రదర్శన ముగిశాక పేజీ తీసేయకండి. ఆరు నెలలకోసారి పాత ఫోన్‌లో తెరిచి, ఆడియోలు మోగుతున్నాయో లేదో చూసుకోండి.

ఈసారి ప్రారంభానికి వారం ముందే, మూడు చక్రాల బండి ఆయనకు లింకు పంపాను. పరిమాణం, మేకతోలు, కళాకారుడి పేరు అన్నీ ఉన్నాయి కదా అని ధీమాగా ఉన్నాను. రాత్రి ఫోన్ చేశాడు. "అన్నీ బాగున్నాయి సార్. ఆ హనుమంతుడి బొమ్మ ఎంతకిస్తారు? ధర రాయలేదే" అన్నాడు. ఇప్పుడు ప్రతి బొమ్మ కింద నాలుగో వరస ఉంది. ధర, కళాకారుడితో నేరుగా మాట్లాడే వేళ.